పట్టినట్టే ఉండే మర

రియాద్ లో పనిచేసి వచ్చిన తెలుగువాళ్ళని బతా గురించి అడిగి చూడండి, ఒక్కొక్కరూ ఒక్కో బతా చెప్తారు. ఒకరికి అది ఇంటికి డబ్బు పంపే చోటు, ఇంకొకరికి గోంగూర దొరికే చోటు, మరొకరికి శుక్రవారం సాయంత్రం తమ ఊరివాళ్ళు కనబడే చోటు. నాకు మాత్రం బతా అంటే గుప్పెడు స్క్రూలు. నవ్వకండి, చెప్తాను.

2007లో అక్కడ ఒక సర్వర్ గది పని మీద ఉన్నాను. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, స్క్రూడ్రైవర్ తో నాకు పెద్ద పరిచయం లేదు. ర్యాకుల్లో సామాను ఎక్కించేది జగిత్యాల వైపు నించి వచ్చిన ఓ కుర్రాడు. అమెరికా నించి దిగిన రౌటర్ ని బిగిస్తూ, "అన్నా, దీనితోని వచ్చిన స్క్రూలు జర లూజున్నయి. బతాల వేరేవి తెస్తా" అన్నాడు. "బిగుస్తోంది కదా తమ్ముడూ, కానిచ్చెయ్" అన్నాను. తొందర నాది మరి. తెల్లారేసరికి రౌటర్ ఒక పక్కకి ఒరిగి కింది పెట్టె మీద వాలి ఉంది. మీటింగులో మేనేజరు "ఆ టెక్నీషియన్ జీతంలో కోస్తాం" అన్నాడు. నేను నోరు మెదపలేదు.

ఇంతకీ బిగిసిన స్క్రూ ఎందుకు ఊడింది? ఆ రాత్రి నిద్ర పట్టక దాని వెనక కథ వెతకడం మొదలుపెడితే అది నూట అరవై ఏళ్ళ వెనక్కి పోయింది.

19వ శతాబ్దం మొదట్లో ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట చేసిన బోల్టు ఇంకోచోటి నట్టుకి పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు బ్రిటన్ కార్ఖానాలనించి మరలు పోగుచేసి, వాటి సగటు తీసి, 1841లో ఒక కొలత ప్రతిపాదించాడు. చుట్ల మధ్య కోణం 55 డిగ్రీలు, అంచులు గుండ్రం. 1864లో ఫిలడెల్ఫియాలో విలియమ్ సెల్లర్స్ లేచి, ఆ గుండ్రం అంచులు మామూలు పనివాడు చెయ్యడం కష్టం, 60 డిగ్రీల కోణం, చదును అంచులు చాలన్నాడు. అమెరికా ఆయన దారి పట్టింది. యూరప్ లో మిల్లీమీటర్ల మరలు వేరే పెరిగాయి.

ఈ తేడాకి వెల రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసొచ్చింది. రోల్స్ రాయిస్ వాళ్ళ మెర్లిన్ విమానం ఇంజను అమెరికాలో తయారుచెయ్యడానికి ఒప్పుకున్న ప్యాకార్డ్ కంపెనీ, ఆ బ్రిటిష్ మరలు కోసే పనిముట్లు కూడా తనే చేసుకోవాల్సి వచ్చింది. చివరికి 1948 నవంబర్ 18న అమెరికా, బ్రిటన్, కెనడా ఒకే మరకి ఒప్పుకున్నాయి. కోణం 60 డిగ్రీలు. అప్పటికి ఏడాది ముందే పుట్టిన ఐఎస్ఓ లో ఒకటో నంబరు సాంకేతిక సంఘం దేనికో తెలుసా? మరలకి! మెట్రిక్ మరకి కూడా 60 డిగ్రీలే ఖాయమయింది. కోణం కలిసింది కానీ, అంగుళం, మిల్లీమీటరు కలవలేదు.

ఇక ర్యాక్ సంగతి. 19 అంగుళాల ర్యాక్ 1920ల్లో అమెరికా టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో స్థిరపడింది. సామాను ఎత్తు ఒకటిముప్పావు అంగుళం లెక్కన పెరుగుతుంది, అంటే 44.45 మిల్లీమీటర్లు. దాన్నే మనం ఒక 'యూ' అంటాం. ప్రతి యూకీ మూడు రంధ్రాలు. ఎక్కడ కొన్నా వెడల్పు అదే. అన్నిచోట్లా ఒకటి కానిది స్క్రూ ఒక్కటే! చదరపు రంధ్రంలో చిన్న పంజరంలా కూర్చునే కేజ్ నట్టు అమెరికాలో 10-32 గానో 12-24 గానో దొరుకుతుంది, మిగతా చోట్ల ఎం5 గానో ఎం6 గానో.

మా ర్యాక్ నట్లు ఎం5. లావు 5 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ దూరం 0.8. అమెరికా స్క్రూ 10-32. లావు 4.83, అంగుళానికి 32 చుట్లు, అంటే దూరం 0.794. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలీదు. ఎం5 స్క్రూని 10-32 నట్టులో పెడితే బిగుసుకుపోయి మొరాయిస్తుంది, అప్పుడైనా మనకి బుద్ధొస్తుంది. ఇటువైపు మాత్రం సాఫీగా దిగుతుంది. చుట్లు పూర్తి లోతున పట్టుకోవు. బరువు పడితే కోసుకుపోవచ్చు.

శుక్రవారం అసర్ నమాజు అయ్యి షట్టర్లు లేచాక ఇద్దరం బతా వెళ్ళాం. కొట్టు పెద్దాయన మా స్క్రూని ఎం5 నట్టులో రెండు చుట్లు తిప్పి, తలపట్టి ఊపి చూపించాడు. కటకటలాడింది. "తిరగడం కాదు, ఊగకపోవడం చూడాలి" అన్నాడు హిందీలో. అసలు స్క్రూలు కొన్నాం. బరువు మొత్తం ముందు చెవుల మీద పడకుండా కింద పెట్టే రెయిళ్ళూ కొన్నాం. నాకు అర్థం కావడానికి ఒక రాత్రి పట్టిన సంగతి కుర్రాడి వేళ్ళకి ముందే తెలుసు.

టీ తాగుతూ, "తప్పు నాది తమ్ముడూ, మీటింగులో చెప్పలేకపోయాను" అన్నాను.

"నాకెర్కే అన్నా. గని నేన్జెప్తె ఎవలింటరు?" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

శనివారం మేనేజరుకి చెప్పాను. కోత ఆగింది. నా జీతంలో రియాలు తగ్గలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అతనికయితే జీతం కోత, నాకయితే "సరే, చూసుకోండి". 0.17 మిల్లీమీటర్ల తేడా కొలిచి చెప్పగలను గానీ, ఈ తేడాకి నా దగ్గర కొలత లేదు.