ఇరవై అంగుళాల లెక్క

తుపాకీ గొట్టం ఎంత పొడుగుంటే దెబ్బ అంత దూరం తగులుతుందని మనలో చాలామందికి ఓ నమ్మకం. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి దంచిన మందుతో కాల్చిన రోజుల్లో అందులో కొంత నిజముంది. ఆ మందు ఒత్తిడి తక్కువ. గుళ్లకి వేగం పట్టాలంటే గొట్టంలో కాస్త ఎక్కువ దూరం పరుగెత్తాలి. 19వ శతాబ్దం చివర్లో పొగరాని మందు వచ్చాక ఈ లెక్క మారిపోయింది. ఇప్పుడు 26 అంగుళాల గొట్టానికీ 30 అంగుళాల గొట్టానికీ మధ్య గుళ్ల వేగంలో తేడా నూటికి నాలుగైదు పాళ్లు కూడా ఉండదు. గుళ్లు చెదరకుండా గుంపుగా పోయేది గొట్టం మూతి దగ్గర చేసే బిగింపు వల్ల. దాన్నే చోక్ అంటారు. పూర్తి చోక్ ఉంటే 40 గజాల దూరాన, 30 అంగుళాల వలయంలో నూటికి 70 గుళ్లు పడతాయి.

మరి పొడవు దేనికి? చేతి కోసం. పొడుగు గొట్టం నిదానంగా కదులుతుంది, కదిలాక సాఫీగా సాగుతుంది. పొట్టిది చటుక్కున తిరుగుతుంది, అంతే చటుక్కున ఆగుతుంది. ఎగిరే పిట్ట వెంట కదిలే చెయ్యి ఆగిందా, గురి తప్పినట్టే. 1920ల్లో లండన్ తుపాకుల వ్యాపారి రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల గొట్టమే మేలని ప్రచారం చేసి, 30 అంగుళాల సంప్రదాయవాదులతో పెద్ద వాదమే పెట్టుకున్నాడు.

ఆ వాదాన్ని మన నేల మీదికి తెచ్చి చూస్తే ఇద్దరూ గెలుస్తారు. బెజవాడకి పడమర కొండపల్లి పొదల్లో కౌజు కాళ్ల దగ్గరే లేచి, రెప్పపాటులో మాయమవుతుంది. అక్కడ పొట్టిదే నయం. తూర్పున కొల్లేరులో ఆకాశం అంతా విప్పి పరిచినట్టుంటుంది, పరజల గుంపు దూరం నుంచే కనిపిస్తుంది. దోనెలో కూర్చుని తాపీగా గొట్టం తిప్పేవాడికి పొడుగుదే సుఖం.

కానీ డెల్టాలో ఈ ఎంపిక వేటగాడి చేతుల్లో ఎంతవరకూ ఉంది? నాకు ఆసక్తి కలిగించింది ఇదే. 1878 ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాడిని వదిలేసింది. 1887 మద్రాసు కాంగ్రెస్ సభలో బిపిన్ చంద్ర పాల్ ఆ చట్టాన్ని రద్దు చేయాలని మాట్లాడాడు. స్వతంత్ర దేశం 1959లో తన సొంత చట్టం రాసుకున్నప్పుడు, 13వ సెక్షన్‌లో ఓ అంకె వేసింది. రక్షణకో, క్రీడకో కావాలంటే నున్నటి గొట్టం తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చు, గొట్టం 20 అంగుళాలకి తగ్గకూడదు. గొట్టం కోసి పొట్టి చేయడానికీ అనుమతి కావాలని 6వ సెక్షన్. 20 అంగుళాల దగ్గర భౌతికశాస్త్రం గీసిన గీత ఏమీ లేదు. ఉత్తరీయం కింద దాచలేనంత పొడవు అని నేను చదువుకుంటాను.

అదే వాక్యంలో ఇంకో మెలిక ఉంది. పంటకాపలాకి అడిగిన రైతుకి ఇచ్చేది మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది చాలదని అధికారి ఒప్పుకుంటేనే వేరేది. అంటే క్రీడకి కొత్త తూటా, పందులు పడే మెట్టచేనుకి సూరేకారం. పాత మందు కాబట్టి నిజంగా పొడవు అవసరమయ్యే తుపాకీ రైతుదే! మన సాఫ్ట్‌వేర్ వాళ్లు పాత వెర్షన్‌ని ఎవరికి అంటగడతారో గుర్తొచ్చింది.

తర్వాతి కథ త్వరగా ముగిసింది. 1972 వన్యప్రాణి చట్టం కింద కొంతకాలం లైసెన్సుతో చిన్న వేట సాగింది, 1991 సవరణ దాన్నీ మూసేసింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. తుపాకీ ముఖమే చూడక, వలతో ఉచ్చుతో పరజల్ని పట్టి అమ్ముకున్నవాళ్లకీ అదే నిషేధం.

13వ సెక్షన్‌లో ‘క్రీడ’ అన్న మాట ఇంకా అలాగే ఉంది. ఎగిరేదాన్ని కాల్చడంలో ఇప్పుడు మిగిలింది మట్టి పళ్లేల్ని గాల్లోకి విసిరి కొట్టే పోటీలే. వాటిలో ట్రాప్ షూటర్లు ఎక్కువగా వాడేది 30, 32 అంగుళాల గొట్టాలు.