గడీ నుంచి గోల్ఫ్ కోర్సు దాకా

కిందటి నెల మా కొలీగ్ ఒకాయన నన్ను హైదరాబాదులో గోల్ఫ్ కోర్సుని ఆనుకుని ఉన్న విల్లాలు చూడ్డానికి తీసుకెళ్ళాడు. ఆయనది మిర్యాలగూడ, మాది కోదాడ దగ్గర పల్లె. ఇద్దరం జన్మలో గోల్ఫ్ కర్ర పట్టిన పాపాన పోలేదు. సేల్స్ కుర్రాడు కూడా "మీరు ఆడతారా సార్?" అని అడగలేదు. బాల్కనీలో నిలబెట్టి ఎదురుగా ఉన్న పచ్చిక చూపించాడు, అంతే! నిజం చెప్పొద్దూ, మనసు లాగేసింది. హారన్లు లేవు, దుమ్ము లేదు, పిల్లలు నడిరోడ్డు మీద సైకిళ్ళు తొక్కుతున్నారు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఒక అనుమానం వచ్చింది. ఆడని ఆట కోసం మనం అంత డబ్బు ఎందుకు పెడతాం?

దీని వెనక లెక్క తెలిస్తే మన ఇంజినీర్లకి ముచ్చటేస్తుంది. 1950ల చివర్లో అమెరికాలో, దక్షిణ కరొలైనాలోని హిల్టన్ హెడ్ దీవిలో ఛార్లెస్ ఫ్రేజర్ అనే ఆయన సీ పైన్స్ అనే కాలనీ మొదలుపెట్టాడు. సముద్రం ఒడ్డున ప్లాట్లు కొన్నే వస్తాయి కదా. లోపలి స్థలం ఎవరు కొంటారు? అక్కడ గోల్ఫ్ కోర్సు వేస్తే దాని ఒడ్డు కూడా అమ్ముడుపోతుంది. 18 హోల్స్ కోర్సుని ఒకే ముద్దలా కాకుండా సన్నగా మెలికలు తిప్పితే, వైశాల్యం అంతే ఉన్నా చుట్టుకొలత బోలెడు పెరుగుతుంది. అంటే "వ్యూ" ఉన్న ఇళ్ళు అన్ని ఎక్కువ. ఆట అనేది ఆ పచ్చిక ఖాళీగా ఉండటానికి ఒక సాకు.

మన దగ్గర ఇది 2000ల మొదట్లో వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, దుబాయ్ కంపెనీ ఎమ్మార్ కలిసి గచ్చిబౌలి, మణికొండ వైపు దాదాపు 535 ఎకరాల్లో ప్రాజెక్టు తలపెట్టాయి. అందులో 235 ఎకరాలు గోల్ఫ్ కోర్సుకి, 66 ఏళ్ళ లీజు మీద. అదే బౌల్డర్ హిల్స్. ఆ వ్యవహారం మీద 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ విచారణ కూడా మొదలైంది. అది వేరే కథ.

సరే, మన ఊళ్ళ సంగతికొద్దాం. హైదరాబాదు నుంచి విజయవాడ హైవే మీద వెళితే ముందు సూర్యాపేట. పక్కనే పిల్లలమర్రి. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది, కాకతీయుల కింద రేచర్ల రెడ్లు ఏలిన రోజులు. అప్పట్లో డబ్బు, అధికారం ఉన్నవాడు ఊరు కడితే గుడి కట్టేవాడు, చెరువు తవ్వించేవాడు. తవ్వించినవాడికి దశబంధం కింద ఆయకట్టులో వాటా వచ్చేది, ఊరికే పుణ్యానికి కాదు. కానీ చెరువుకి ఒక గుణం ఉంది. కట్ట ఎవరిదైనా నీళ్ళు కిందికి పారాల్సిందే. పక్కవాడి మడి తడవకుండా నీ ఒక్కడి మడీ తడవదు.

తర్వాత్తర్వాత గడీలొచ్చాయి. ఎత్తు గోడలు, బురుజులు, పెద్ద దర్వాజా, లోపలే బావి, లోపలే గాదెలు. పుచ్చలపల్లి సుందరయ్య గారు సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో సూర్యాపేట దేశ్‌ముఖ్‌కి 20,000 ఎకరాలు, అదే తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు అని లెక్క ఇచ్చారు. గడీ ముందు నుంచి చెప్పులేసుకుని నడిచే హక్కు కూడా జనానికి లేని రోజులవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకి పడిపోయింది అలాంటి గడీ ముందే. ఆ తర్వాత ఐదేళ్ళ పోరాటం చరిత్రకెక్కింది.

మూడోది కాలవ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలింది. ఎడమ కాలవ కింద మిర్యాలగూడ, కోదాడ పచ్చబడ్డాయి. మిర్యాలగూడ నిండా రైసు మిల్లులు వెలిసింది ఆ నీళ్ళ వల్లే. నాలాంటి వాళ్ళు ఇంజినీరింగ్ చదివిందీ ఆ వడ్ల డబ్బులతోనే.

ఇప్పుడు గోల్ఫ్ విల్లా చూడండి. చెరువుకున్న ఖాళీతనం, గడీకున్న గేటు, కాలవకున్న పచ్చదనం, మూడూ ఒకేచోట. మనకి నచ్చడంలో ఆశ్చర్యం ఏముంది? అలాగని గడీతో సమానం అనను. ఇక్కడ వెట్టి లేదు, కొన్నవాడు ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టే ఉద్యోగి. (పనిమనిషికి వేరే గేటు, రిజిస్టర్లో సంతకం మాత్రం చాలా చోట్ల ఉంటాయి, అది కూడా ఒప్పుకుందాం.)

నాకు అర్థమైంది ఏంటంటే, మనం కొంటున్నది పచ్చిక కాదు, "ఎదురుగా ఎవడూ బిల్డింగు లేపడు" అన్న నమ్మకం. లేఔట్లో పార్కని చూపించిన స్థలం మాయమవడం, చెరువు శిఖం ప్లాట్లవడం మన తరం కళ్ళారా చూసింది. అందరిదీ అయినది నిలవదని మనకి గట్టిగా నమ్మకం కుదిరింది. అందుకే ప్రైవేటు పచ్చిక వైపు పరిగెడుతున్నాం. కానీ ఆ నమ్మకమూ కాగితమే. అమెరికాలో 2006 తర్వాత చాలా ఏళ్ళపాటు కొత్తగా తెరిచిన కోర్సులకంటే మూసేసినవే ఎక్కువ. వ్యూకి డబ్బు కట్టిన వాళ్ళకి కలుపు మొక్కలు మిగిలిన కాలనీలు ఉన్నాయి.

అసలు విషయం చెప్పేస్తాను. అడ్వాన్సు కోసం కాలవ కింద ఉన్న మా రెండెకరాలు అమ్ముదామని నాన్నకి ఫోన్ చేశా. అంతా విని, "ఆ గడ్డి కోస్తరా?" అన్నాడు.

"కోస్తారు నాన్నా, మిషన్లతో."

"బర్రెలకేస్తరా?"

"లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. "గడ్డి చూసేదానికి వరి అమ్ముతవారా?" అన్నాడు.

నా దగ్గర మంచి జవాబులే ఉన్నాయి. పిల్లల భద్రత, గాలి, రీసేల్ వాల్యూ. ఏదీ నోట్లోంచి రాలేదు. మా ఆవిడ వాదన కూడా తీసిపారేసేది కాదు: "పిల్ల సైకిల్ ఎక్కడ తొక్కాలి మరి?" దానికి నేను ఇవ్వాల్సిన జవాబు నిజానికి మా కాలనీ సంఘం ఇవ్వాలి. మా వీధి చివర పార్కు అని బోర్డున్న స్థలంలో ఇప్పుడు రెండు జేసీబీలు పార్క్ చేసి ఉంటాయి.

పొలం అమ్మట్లేదు. వచ్చే ఆదివారం కాలనీ మీటింగుకి మొదటిసారి వెళ్తున్నాను, లేఔట్ ప్లాను కాపీ పట్టుకుని.