గుండు ఫోటో

తిరుపతిలో స్టూడియో పెట్టినోడి పనితనం తేలేది గుండు దగ్గరే. కొండమీద కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, నెత్తికి చందనం పూసుకుని, కిందికి దిగినాక మా దగ్గరికి వచ్చేవాళ్లు. నలుపు తెలుపు ఫిల్ములో ఆ చందనం తెల్లగా కొడుతుంది, ఎండలో పనిచేసిన మొగం నల్లగా పడుతుంది. మొగం చూసి వెలుతురు పెడితే నెత్తి మాయం, నెత్తి చూసి పెడితే కండ్లు మాయం. మా నాయన పై లైటు ఆర్పేసి, పక్కన ఒకటే ఉంచి, అవతలి వైపు తెల్లపంచె కట్టేవాడు. మిగతాది డార్క్‌రూములో. ప్రింటు వేసేటప్పుడు మొగానికి చెయ్యి అడ్డం పెట్టి, నెత్తికి మాత్రం ఇంకాసేపు వెలుతురిచ్చేవాడు.

తూర్పు జర్మనీ ఓర్వో, ఊటీలో తయారైన ఇందూ, ఇవే మా ఫిల్ములు. 120 రోలుకు 12 బొమ్మలు. రెప్ప వాలిస్తే ఒక బొమ్మ దండగ.

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది. 1974లో రెండోది వచ్చినాక ఎక్కేదానికొకటి, దిగేదానికొకటి. యాత్రికులు పెరిగినారు గానీ ఆగేవాళ్లు తగ్గినారు. సాయంత్రం బస్సుకు పోయేవాళ్ల కోసం ప్రింటు ఆరుతుందా? అడ్రసు రాయించుకుని పోస్టులో పంపేవాళ్లం.

హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవాళ్లకని జనానా స్టూడియో తెరిచి, ఫోటోలు తీసేదానికి ఒక దొరసానిని పెట్టినాడు. మా స్టూడియోలో ఆడవాళ్ల పైట సర్ది, గడ్డం రవంత పైకెత్తే పని మా అమ్మది. జీతం లేదు, బోర్డు మీద పేరూ లేదు.

పలమనేరు, కుప్పం పక్క పల్లెల్లో చానామందికి బతుకంతా కలిపి ఉండే ఫోటో అదొక్కటే. మనిషి పోయినాక కొడుకులు దాన్నే గుడ్డలో చుట్టుకొచ్చి, "సామీ, మా నాయనకు జుట్టు పెట్టియ్యి" అనేవాళ్లు. గుండుతో ఉండే ఫోటోకు దండ వేసేదానికి మనసొప్పదు. పాపిట యాడ తీసేవాడని అడిగితే పెద్దోడు ఎడమంటాడు, చిన్నోడు అసలు పాపిటే లేదంటాడు. ఆ తగువు తెగినాకనే మా నాయన సన్న కుంచె పట్టేవాడు. చెవిపక్క నాలుగు తెల్ల వెంట్రుకలు వదిలేవాడు, వయసు తెలియాల కదా.

ఇప్పుడదే పని కంప్యూటర్లో నిమిషంలో అయిపోతుంది. యాడిదో సినిమా హీరో క్రాపు తెచ్చి అతికిస్తారు. అరవై ఏండ్ల రైతు నుదుటి మీద అది టోపీ మాదిరే ఉండాది.