మార్కు వేరు, స్కోరు వేరు

సమాన ప్రతిభ గల ఇద్దరు విద్యార్థులు వేర్వేరు సంవత్సరాల్లో ప్రవేశ పరీక్ష రాశారనుకుందాం. ఒకరికి కఠినమైన ప్రశ్నపత్రం, మరొకరికి సులువైనది వచ్చింది. మార్కులు సమానంగా రావు. మరి సీటు ఎవరికి దక్కాలి? ఈ ప్రశ్నకు రెండు దేశాలు రెండు మార్గాలు వెతికాయి.

అమెరికాలో జీఆర్ఈ 1936లో కార్నెగీ ఫౌండేషన్ ప్రయోగంగా మొదలైంది. దాని సబ్జెక్టు పరీక్షల్లో కొన్ని పాత ప్రశ్నలను కొత్త పత్రంలో కలిపి, వాటి ఆధారంగా రెండు పత్రాల కాఠిన్యాన్ని పోలుస్తారు. ఆ తర్వాతే 200 నుంచి 990 వరకు ఉండే స్కేలుపై స్కోరు నిర్ణయిస్తారు. ప్రశ్నలు రహస్యంగా ఉన్నంతకాలమే ఈ పద్ధతి పనిచేస్తుంది.

మన దేశంలో 1983లో ప్రారంభమైన గేట్ పరీక్ష ప్రశ్నపత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. అందువల్ల ఇక్కడ అభ్యర్థులే కొలబద్ద అయ్యారు. అర్హత మార్కుకు 350 స్కోరు, అగ్రస్థానాల్లోని 0.1 శాతం లేదా 10 మంది, ఏది ఎక్కువైతే వారి సగటు మార్కుకు 900. కాబట్టి కఠినమైన ఏడాదిలో 60 మార్కులు, సులువైన ఏడాదిలో 75 మార్కులు ఒకే స్కోరు కావచ్చు. ఒకే సబ్జెక్టును పలు విడతల్లో నిర్వహించవలసి రావడంతో 2014 నుంచి విడతల మధ్య కూడా మార్కులను సర్దుబాటు చేస్తున్నారు.

అయితే ఈ లెక్క వెనుక ఒక ఊహ ఉంది: అభ్యర్థుల సగటు సామర్థ్యం ప్రతిసారీ దాదాపు సమానమే అన్నది. బలమైన బృందంతో కలిసి రాసినవారికి ఆ ఊహ నష్టం చేయవచ్చు. పత్రం కాఠిన్యాన్ని స్కోరు సరిదిద్దగలదు. తోటివారి బలాన్ని మాత్రం సరిదిద్దలేదు.