గెలిచిన వాదం, మిగిలిన పని

ఉన్నత పాఠశాలలో తెలుగు బోధన మూడు పాయలుగా సాగుతుంది: సాహిత్యం, వ్యాసరచన, వ్యాకరణం. మూడింటికీ వేరువేరుగా మార్కులు కేటాయించి మనం నిశ్చింతగా వున్నాం. కాని మూడింటి వెనుకా వున్నది ఒకే ప్రశ్న: బడిలో చెల్లే తెలుగు యెవరిది? తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న పాతబడిన పండితవాదం కాదు. రోజూ దిద్దే నోటుపుస్తకాలలో అది యెదురవుతూనే వుంది.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోనూ, బాలవ్యాకరణం 1858లోనూ వెలువడినవి. రెండవ గ్రంథం పేరులో బాలుడున్నాడు. సూత్రాలు మాత్రం కావ్యభాషకు చెందినవి. సూరి పాండిత్యాన్ని తక్కువ చెయ్యనక్కరలేదు. తప్పు ఆ గ్రంథానిది కాదు. దాన్ని పరీక్షల వాకిలికి గడియగా బిగించిన విద్యావిధానానిది. తన కాలంలో యెవరూ మాట్లాడని భాషలో వ్యాసం రాయవలసిన పిల్లవాడు ఆలోచించడం మాని, ధ్రుతం యెక్కడ నిలుస్తుందో వెతుక్కుంటాడు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ఈ దుస్థితిని తరగతిగదిలోనే గ్రహించారు.

1912–13 ప్రాంతంలో మద్రాసు రాజధానిలోని స్కూలు ఫైనలు అధికారులు వ్యాసాన్ని ఆధునిక భాషలో కూడా రాయవచ్చునన్నారు. పండితలోకం భగ్గుమన్నది. జయంతి రామయ్య, వేదం వెంకటరాయశాస్త్రి ప్రభృతులు ప్రతిఘటించారు. గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం రాశారు. అయినా ఆ స్వేచ్ఛ కొద్దికాలానికే రద్దయింది. గుమాస్తాగిరికైనా, కళాశాల చదువుకైనా ఆ పరీక్షే దారి గనుక, వ్యాసభాషను శాసించినవారు యెవరు ముందుకు పోవాలో కూడా శాసించినట్టే అయింది.

అదే 1914లో చిత్తూరు బిడ్డ కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ వచ్చింది. బుక్కరాయసముద్రం చెరువు కోసం ప్రాణమిచ్చిన రైతింటి కోడలిని ‘ముసలమ్మ మరణము’లో కావ్యనాయికను చేసిన కవి ఆయన. అలంకారాల పేర్లు చెబితే కావ్యవిచారం ముగియదని, భావనాశక్తిని తూచాలని ఆయన నిలదీశారు. నూరేళ్ళు దాటినా మన తరగతుల్లో పద్యం ప్రతిపదార్థంతో మొదలై తాత్పర్యంతో అంతమవుతూనే వుంది. ఈ పద్యం నీకు నచ్చిందా, యెందుకు నచ్చింది అని విద్యార్థిని అడిగేవారు అరుదు.

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో గ్రాంథికం వచనపాఠాల నుంచి క్రమంగా తప్పుకున్నది. గిడుగు వాదం గెలిచింది. కాని బడిలో ప్రవేశించిన శిష్టవ్యావహారికం ప్రధానంగా కోస్తా విద్యావంతుల పలుకుబడి. తమిళ, కన్నడ సరిహద్దుల ఒరపిడిలో పెరిగిన మన పిల్లవాడు ‘ఎర్రగడ్డ’ అని రాస్తే ‘ఉల్లిపాయ’ అని దిద్దుతాం. ‘మా నాయన వస్తా వుండాడు’ అని రాస్తే యెర్రసిరా పడుతుంది. నిన్న కావ్యభాష చేసిన పనినే నేడు ప్రమాణభాష చేస్తున్నదని చెప్పక తప్పదు.

అయితే పరీక్షలకూ, ఉద్యోగాలకూ ప్రమాణభాష అక్కరలేదా? అక్కర వుంది. దాన్ని నేర్పకపోవడం పేదపిల్లలకు చేసే మరో ద్రోహం. నేర్పే తీరు మారాలి. నల్లబల్ల మీద మూడు రూపాలు పక్కపక్కన రాయండి: ‘వచ్చుచున్నాడు’, ‘వస్తున్నాడు’, ‘వస్తా వుండాడు’. మొదటి రెండింటిలో శత్రర్థకం, ‘ఉన్నాడు’ అనే క్రియ కలిసిపోయినవి. మూడవదానిలో రెండు క్రియలూ విడివిడిగా కనబడుతున్నవి. సంధి యెక్కడ జరిగిందో విద్యార్థి తన ఇంటిమాట నుంచే కనిపెడతాడు. అప్పుడు వ్యాకరణం శిక్షాస్మృతి కాదు, పరిశీలన అవుతుంది. ఇంటి మాటకు అవమానం జరగకుండానే ప్రమాణరూపం అలవడుతుంది.

సాహిత్యానికీ దూరం పోనక్కరలేదు. బడిపంతులుగా జీవించిన మధురాంతకం రాజారాం చిత్తూరు పల్లెలను కథల్లో నిలిపారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఇక్కడి పలుకుబడినే కథాభాషగా నిలబెట్టారు. మన యెర్రసిరా తప్పన్న మాటలే ఆ కథలకు ప్రాణం. వాటిని చదివించి, తన ఊరి చెరువును గురించో, చెనిక్కాయ చేనును గురించో రాయమంటే పిల్లవాడికి మాట కరువు కాదు.

శిష్టుల భాషను బడిలోకి తేవడానికి ఒక తరం పోరాడింది. శ్రమజీవుల బిడ్డలు తమ మాటతోనే బడిలోకి రావడం మిగిలిన పని. ఆ పనికి ప్రభుత్వపు ఉత్తరువు కోసం కాచుకోనక్కరలేదు. రేపు దిద్దబోయే నోటుపుస్తకంతోనే మొదలుపెట్టవచ్చు.