ఊకలో గింజలు

మన దేశానికి పోస్టుకార్డు 1879లో వచ్చింది. కష్టసుఖాలతోపాటు బెదిరింపుల్నీ మోసింది, పాపం! తిరుపతి వెంకన్న పేరుతో ఇంటింటికీ వచ్చే గొలుసు ఉత్తరాలు గుర్తున్నాయా? ఇలాంటివే మరో ఇరవయ్యొక్కమందికి రాస్తే లాభమట, చింపితే అరిష్టమట! రాసినవాళ్ళ పేరుండదు. కొండమీది దేవస్థానానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. అయినా వేళ్ళు నొప్పెట్టేలా రాసిన ఇల్లాళ్ళెందరో!

విసుగెత్తిన ఓ ఇంటాయన, స్వామి పేరున్న ఉత్తరమల్లా పొయ్యిలో పెట్టమన్నాడనుకోండి. పీడ విరగడైనట్టే. కానీ అమ్మాయి పెళ్ళికి తొలి శుభలేఖ కొండకి పంపితే దేవస్థానంవారు ఆశీర్వదించి పంపే అక్షింతల కవరు మీదా ఆ పేరే ఉంటుంది కదా! అదీ పొయ్యిపాలే.

కంప్యూటరు ఉత్తరాలకీ ఇదే చిక్కు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే ఆయన తమ కంపెనీ కంప్యూటర్ల ప్రచారం కోసం ఒకే ఉత్తరాన్ని దాదాపు 400 మందికి పంపాడు. ఈ పిలవని పేరంటానికి అదే నాంది. తర్వాత అవి వెల్లువెత్తి 'స్పామ్' అనిపించుకున్నాయి. వాటిని ఆపడానికి కంప్యూటర్నే కాపలా పెట్టారు. అది మాట చూసి మనిషిని గెంటేసే రకం! 1996లో ఏఓఎల్ కంపెనీ కంప్యూటరు ఇంగ్లండులోని స్కన్‌తోర్ప్ అనే ఊరివాళ్ళని చేర్చుకోనంది. ఊరి పేరు మధ్యలో ఓ బూతుమాట ఇరుక్కుని ఉందట!

2002లో పాల్ గ్రాహమ్ ఓ ఉపాయం చెప్పాడు. ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఉత్తరంలోని మాటలు ఇదివరకటి మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు, చెడ్డవాటిలో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కగట్టి, అన్నీ కలిపి తూచాలి. పైగా మంచి ఉత్తరాల్లో కనిపించిన లెక్కని రెట్టింపు చేశాడు. నాలుగు చెడ్డవి లోపలికొస్తే చిరాకే. ఒక్క మంచిది పోతే నష్టం!

చేట ఎత్తి చెరిగే ఇల్లాలికి ఇది కొత్తేమీ కాదు. ఊకని వెంటనే పారబొయ్యదు. గింజలేమైనా పోయాయేమోనని ఓసారి చేత్తో కెలికి చూస్తుంది. 'స్పామ్' అరనీ అలాగే చూడాలి. చిత్తూరులో ఎదురుచూస్తున్న అమ్మాయికి తిరుపతి యూనివర్సిటీ నుంచి వచ్చిన సీటు కబురు అందులో పడి ఉండొచ్చు. కనిపిస్తే 'ఇది స్పామ్ కాదు' అని నొక్కండి. కాపలావాడికీ కాస్త బుద్ధి వస్తుంది. గడువు దాటాక కనిపించిన కబురు కబురు కాదు, దిగులు!