ఇటాస్కా: పిల్లలతో నడిచే దారి వెనక ఉన్న మనుషులు

మన కుటుంబాలలో అమెరికాకు పోయిన పిల్లల దగ్గరికి వేసవిలో పెద్దవాళ్ళు పోయి రావడం ఇప్పుడు మామూలైపోయింది. మినెసోటా రాష్ట్రం వైపు పోయినవాళ్ళు తప్పకుండా ఒక ఫోటో పంపుతారు. అడవి మధ్యలో ఒక సరస్సు, దాని నుంచి బయటికి వచ్చే చిన్న కాలువ, ఆ కాలువలో రాళ్ళ మీద ఒక్కొక్క అడుగు వేస్తున్న అమ్మమ్మ, మనవడు. కింద ‘మిసిసిపి నది నడిచి దాటినాము’ అని రాసి ఉంటుంది. మాట నిజమే. అది ఇటాస్కా స్టేట్ పార్కు. అంత పెద్ద నది అక్కడ మోకాలు మునగనంత నీళ్ళుగా మొదలవుతుంది. పక్కన నాటిన కొయ్య స్తంభం మీద, ఇక్కడినుంచి ఈ నీళ్ళు 2,552 మైళ్ళు పారి మెక్సికో సింధుశాఖకు చేరతాయి అని చెక్కి ఉంది.

ఫోటో చూసి ‘ఎంత సహజంగా ఉంది’ అంటాము. మేము ఆ పార్కు చరిత్ర చదివినాక ఆ మాట అనడం మానేసినాము. ఎందుకంటే ఆ రాళ్ళు, ఆ కాలువ, ఆ చెట్లు, చివరికి ఆ సరస్సు పేరు కూడా, ఏదీ ఊరికే ఉండిపోలేదు. ఎవరో ఒకరు పెట్టినవి, లేదా ఎవరో అడ్డం నిలబడి కాపాడినవి.

ముందు పేరు సంగతి చూద్దాం. ఆ సరస్సు ఒడ్డున తరతరాలుగా తిరిగిన ఓజిబ్వే ప్రజలు దాన్ని తమ భాషలో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి పేరుతో పిలిచేవాళ్ళు. ఉన్ని తోళ్ళ వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్ళు ఆ అర్థాన్నే తమ భాషలోకి తిప్పి ‘లాక్ లా బిష్’ అన్నారు. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే ప్రభుత్వ అధికారి నది మూలం వెతుకుతూ వచ్చినాడు. దారి చూపించింది ఓజావిందిబ్ అనే ఓజిబ్వే నాయకుడు. ఆ పేరుకు ‘పసుపు తల’ అని అర్థం. పడవలు ఎక్కడ దింపాలో, ఎక్కడ భుజాల మీద మోసుకొని పోవాలో అతనికి తెలుసు. జూలై 13న వాళ్ళు సరస్సు చేరినారు. స్కూల్‌క్రాఫ్ట్ దానికి కొత్త పేరు పెట్టినాడు. లాటిన్‌లో ‘వెరిటాస్’ అంటే సత్యం, ‘కాపుట్’ అంటే తల. మొదటి మాటకు ముందు భాగం, రెండో మాటకు చివరి భాగం కోసేసి, మిగిలింది కలిపితే ‘ఇటాస్కా’. అంటే అసలైన మూలం అని భావం. వినడానికి అక్కడి పాత భాష మాటలాగానే ఉంటుంది, కానీ కాదు.

పాత పేరు పూర్తిగా పోలేదు. పక్కనే దక్షిణంగా ఉన్న చిన్న సరస్సును ఇప్పుడు ఎల్క్ లేక్ అంటారు. ఇది చదివినప్పుడు మాకు బెంగళూరు ధర్మాంబుధి కెరె గుర్తుకొచ్చింది. ఆ చెరువు ఉండిన చోట ఇప్పుడు మెజెస్టిక్ బస్ స్టాండు ఉంది. అక్కడ నీళ్ళు పోయినాయి, ఇక్కడ నీళ్ళు ఉండి పేరు పక్కకు జరిగింది. ఇంట్లో చెరువు అని, వీధిలో కెరె అని రెండు పేర్లతో పెరిగిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. పటంలో ఎక్కిన పేరే మిగులుతుంది. పటం గీసినవాడికి దారి చూపినవాడి పేరు మాత్రం ఎవరైనా పనిగట్టుకొని చెప్తేనే మిగులుతుంది.

1855లో జరిగిన ఒప్పందంతో ఓజిబ్వేలు ఆ ప్రాంతంలో చాలా భూమి అమెరికా ప్రభుత్వానికి వదులుకోవలసి వచ్చింది. ఆ తరువాత కలప కంపెనీలు వచ్చినాయి. మినెసోటా ఉత్తర భాగమంతా పైన్ చెట్లే. గొడ్డళ్ళు ఒక్కొక్క అడవి దాటుకుంటూ ఇటాస్కా వైపు వస్తూ ఉన్నాయి.

ఈ సమయంలో జేకబ్ బ్రోవర్ వచ్చినాడు. ఆయన అక్కడికి వచ్చింది చెట్ల కోసం కాదు. విల్లర్డ్ గ్లేజియర్ అనే ఒకాయన 1881లో వచ్చి, అసలు మూలం ఇటాస్కా కాదు, పక్క సరస్సు అని చెప్పి, దానికి తన పేరే పెట్టుకొన్నాడు. ఆ తగాదా తేల్చడానికి బ్రోవర్ సర్వే చేసినాడు. కొలతలు తీస్తూ, కొట్టేయబోతున్న ఆ పైన్ చెట్లను చూసినాడు. సర్వే అయిపోయినా ఆయన పని అయిపోలేదు. దీన్ని పార్కుగా కాపాడాలని శాసనసభ చుట్టూ తిరిగినాడు. 1891 ఏప్రిల్ 20న ఇటాస్కా మినెసోటాలో మొదటి స్టేట్ పార్కు అయింది. గట్టెక్కింది ఒక్క ఓటు తేడాతో. పార్కు అని చట్టం చేసినారు గాని, నడపడానికి డబ్బు ఇయ్యలేదు. బ్రోవర్ జీతం లేకుండానే మొదటి కమిషనర్‌గా పని చేసినాడు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో మాకు రోజూ కనిపించేదే ఇక్కడా ఉంది. కాగితం మీద ‘పూర్తయింది’ అని ఉంటుంది, తెరిచి చూస్తే సగం పని మిగిలే ఉంటుంది. పార్కు గీత లోపల చాలా భూమి ఇంకా కలప కంపెనీల, రైల్వేల చేతిలోనే ఉండింది. చెట్లు నరకడం 1919 దాకా సాగింది. నరికిన దుంగలను నీళ్ళలో తేలించి పంపడానికి ఆనకట్ట కట్టి సరస్సు మట్టం పెంచేవాళ్ళు. నీళ్ళు ఒడ్డు మీదికి ఎక్కితే, నరకని చెట్లు కూడా వేళ్ళు కుళ్ళి చచ్చిపోతాయి.

1903లో కమిషనర్‌గా ఉన్న జాన్ గిబ్స్ చనిపోతే, ఆయన కూతురు మేరీ గిబ్స్‌కు ఆ పదవి వచ్చింది. ఆమె వయసు 24. ఆనకట్ట తలుపులు ఎత్తి నీళ్ళు వదలమని ఆమె చెప్పింది. కంపెనీ మనుషులు తుపాకీతో బెదిరించినారు. ఐనా ఆమె తానే పోయి తలుపు ఎత్తే కడ్డీ మీద చెయ్యి పెట్టింది. ఆ పదవి ఆమె దగ్గర కొద్ది నెలలే ఉండింది, నరకడం కూడా ఆగలేదు. ఓడిపోయిందనే చెప్పాలి. ఐతే ఈ రోజు నది మొదలయ్యే చోట ఉన్న సందర్శకుల కేంద్రానికి ఉన్నది ఆమె పేరే.

ఇంక ఫోటోలోని రాళ్ళు. నది బయటికి వచ్చే ఆ చోటు అంతకుముందు బురద చిత్తడి. 1930లలో, ఆర్థిక మాంద్యం కాలంలో, పని లేని యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పనిలో భాగంగా ఆ చిత్తడి ఎండగట్టి, కాలువ తవ్వి, చిన్న అడ్డుకట్ట కట్టి, రాళ్ళు పేర్చినారు. పిల్లలు జారకుండా దాటగలుగుతున్నారంటే ఆ కూలీల చేతి పని వల్లనే. 1937లో రోడ్డు వేస్తుంటే మట్టిలో పాత ఎముకలు బయటపడినాయి. తరువాత తవ్వి చూస్తే, సుమారు 8,000 ఏళ్ళ కిందట వేటగాళ్ళు అడవిదున్నలను కొట్టిన చోటు అని తేలింది. ఆ జాతి దున్న ఇప్పుడు లేదు.

చెట్లకు కూడా ఒక సమస్య మిగిలింది. అక్కడి ఎర్ర పైన్ విత్తనం మొలవాలంటే ఖాళీ మట్టి, మంచి వెలుతురు కావాలి. పూర్వం అప్పుడప్పుడు వచ్చే చిన్న మంటలు ఆ రెండూ ఇచ్చేవి. పార్కు చేసినాక మంటలు ఆపేసినారు. రెండు వందల ఏళ్ళు దాటిన చెట్లు నిలబడే ఉన్నాయి గాని, వాటి కింద పిల్ల చెట్లు లేకుండా పోయినాయి. అందుకే ఇప్పుడు పార్కువాళ్ళే జాగ్రత్తగా, కొలిచి, మంట పెడుతున్నారు. కాపాడడం అంటే ముట్టుకోకుండా ఉండడం ఒక్కటే కాదని వాళ్ళకు ఇంత కాలానికి తెలిసింది.

మన పెద్దలు పొట్ట చేతపట్టుకొని వచ్చి ఎవరి చెరువు కిందనో సేద్యం చేసినారు. ఆ చెరువు ఎవరు తవ్వినారు, ఎవరు పూడిక తీసినారు, మనకు చోటు చూపించింది ఎవరు అని ఈ బ్లాగులో అడుగుతూనే ఉన్నాము. పరాయి దేశంలో పిల్లలతో నడిచేటప్పుడు కూడా అదే అడగాలని మా మాట.

ఇటాస్కా పిల్లలకు కష్టమైన చోటు కాదు. ముప్పై రెండు వేల ఎకరాలు దాటిన అడవి, వందకు పైగా సరస్సులు ఉన్నా, నడిచే దారులు చిన్నవిగానే ఉన్నాయి. మేరీ గిబ్స్ కేంద్రం నుంచి నది మూలం దాకా నాలుగు అడుగులే అనుకోవచ్చు, పెద్దవాళ్ళూ పోగలరు. డగ్లస్ లాడ్జ్ దగ్గర మొదలయ్యే డాక్టర్ రాబర్ట్స్ దారి సుమారు రెండు మైళ్ళు, సరస్సు ఒడ్డునే పోతుంది. మినెసోటా పక్షుల మీద పెద్ద గ్రంథం రాసిన వైద్యుడి పేరు అది. ప్రీచర్స్ గ్రోవ్ అనే తోపులో పాత ఎర్ర పైన్ చెట్ల కింద కూర్చొని బుత్తి విప్పుకోవచ్చు. కాళ్ళలో బలం ఉన్న పిల్లలు ఐటన్ హైట్స్‌లో 100 అడుగుల మంట కాపలా గోపురం ఎక్కుతారు. జూన్‌లో పోతే దోమలు ఎక్కువ, నిండు చేతుల బట్టలు మరవద్దు.

రాళ్ళు దాటేటప్పుడు పిల్లలకు ఓజావిందిబ్ పేరు చెప్పండి. స్కూల్‌క్రాఫ్ట్ పేరు అక్కడి బోర్డుల మీద ఎట్లాగూ ఉంటుంది.